ఎల్‌జీబీటీక్యూ కార్మికులపై వేధింపులు: యూనియన్ చేయాల్సిన పని, చేసే పద్ధతి

"మా దగ్గర అలాంటివాళ్లు ఎవరూ లేరండీ." ఈ సంగతి కార్యవర్గంలో ఎత్తగానే ముందుగా వచ్చే జవాబు దాదాపు ఎప్పుడూ ఇదే. ఉంటారు. చెప్పరు, అంతే. గే (మగవాళ్లను ఇష్టపడే మగవాళ్లు) అనో, లెస్బియన్ (ఆడవాళ్లను ఇష్టపడే ఆడవాళ్లు) అనో, ట్రాన్స్ (పుట్టినప్పుడు రాసిన లింగం తమది కాదనేవాళ్లు) అనో, ఎల్‌జీబీటీక్యూ అన్న మాట కిందికి వచ్చే ఇంకొకరనో నలుగురికీ తెలిస్తే షిఫ్టు మారిపోతుంది, అద్దె ఇల్లు ఖాళీ చేయాల్సి వస్తుంది, ఇంట్లోవాళ్లకు ఫోన్లు వెళ్తాయి. అందుకే ఎగతాళిని నవ్వుతూ మింగేస్తారు. కొన్నాళ్లకు కారణం చెప్పకుండా మానేస్తారు. ఫిర్యాదుల రిజిస్టరు ఖాళీగా ఉంటే యాజమాన్యం దాన్ని మంచి వాతావరణానికి గుర్తుగా చూపిస్తుంది. యూనియన్ కూడా అదే మాట అంటే ఇక చెప్పుకోవడానికి చోటుండదు.

ఇక్కడ ప్రతి ఏర్పాటునూ ఒక్క ప్రశ్నతో పరీక్షించాలి: రక్షణ పొందడానికి కార్మికులు తామెవరో బయటపెట్టుకోవాల్సి వస్తోందా? వస్తే ఆ ఏర్పాటు కాగితం మీదే ఉండిపోతుంది. యాజమాన్యంతో యూనియన్ చేసుకునే ఒప్పందంలో రాసే వాక్యం నుంచి ఫైలు మీద పెట్టే పేరు దాకా అన్నింటికీ ఇదే కొలత.

ముందు పరిస్థితి తెలుసుకోవడం

సర్వే చేయండి. "మీరు ఎల్‌జీబీటీక్యూనా?" అని మాత్రం అడగొద్దు. ఆ ప్రశ్నకు నిజం రాయరు, రాసినా దానివల్ల యూనియన్‌కు ఒరిగేదేమీ లేదు. జరిగినవాటి గురించి అడగండి. గత ఆరు నెలల్లో ఒకరి నడక, గొంతు, బట్టలు, పెళ్లి కాకపోవడం గురించి వెకిలి మాటలు విన్నారా? ఎక్కడ విన్నారు: షాప్‌ఫ్లోర్‌లోనా, క్యాంటీన్‌లోనా, కంపెనీ బస్సులోనా, వాట్సాప్ గ్రూపులోనా? అన్నది తోటివాళ్లా, సూపర్‌వైజరా, కస్టమరా? విని మీరేం చేశారు? ఫిర్యాదు చేయాల్సి వస్తే ఎవరి దగ్గరికి వెళ్తారు? ఈ ఐదారు ప్రశ్నలు చాలు. ఇవి అందరికీ వర్తిస్తాయి కాబట్టి నింపినవాళ్ల మీద ఎవరికీ అనుమానం రాదు.

కాగితం మీదే చేయండి, టిక్కు పెట్టే గడులతో. చేతిరాత చూసి మనిషిని గుర్తుపట్టడం చిన్న యూనిట్లలో చాలా తేలిక. కంపెనీ మెయిల్‌లో వచ్చే ఫారం, లాగిన్ అడిగే ఫారం పనికిరావు. విభాగం, షిఫ్టు, వయసు, లింగం అన్నీ ఒకే కాగితంలో అడిగితే పేరు అడగకపోయినా అడిగినట్టే. పదిమంది కన్నా తక్కువ ఉన్న విభాగం ఫలితాలను విడిగా ప్రకటించకుండా పక్క విభాగంతో కలిపేయండి.

సర్వే కంటే ముందే యూనియన్ సొంత ఇల్లు చూసుకోవాలి. గేట్ మీటింగులో మేనేజర్‌ను "ఆడంగివాడు" అని తిట్టి చప్పట్లు కొట్టించుకునే నాయకుడు ఉన్నంతకాలం ఎన్ని పోస్టర్లు అంటించినా లాభం లేదు. వినేవాళ్లు ఆ మాటతోనే లెక్క తేల్చుకుంటారు: రేపు నా విషయం తెలిస్తే ఈయన ఏమంటాడు? వక్తలకు ఈ సంగతి ముందే చెప్పి ఉంచాలి. బైలాస్‌లో (యూనియన్ సొంత నిబంధనావళిలో) సభ్యుల ప్రవర్తనా నియమాలు ఉంటే ఈ వివక్షను కూడా వాటిలో చేర్చాలి. ఫిర్యాదు వినడానికి కనీసం ఇద్దరు ప్రతినిధులను నియమించండి, ఇద్దరూ ఒకే విభాగం వాళ్లు కాకుండా చూడండి. ఒక్కరినే పెడితే, వేధించిన మనిషి ఆ ప్రతినిధికి స్నేహితుడైన రోజు దారి మూసుకుపోతుంది. నోటీసు బోర్డు మీద వీళ్లను "వేధింపుల ఫిర్యాదుల ప్రతినిధులు" అని రాయండి. "ఎల్‌జీబీటీక్యూ ప్రతినిధి" అని రాస్తే వాళ్లతో ఐదు నిమిషాలు మాట్లాడిన ప్రతివాళ్లనూ చుట్టుపక్కలవాళ్లు అదోలా చూస్తారు.

ఒప్పందంలో ఏం రాయించాలి

కంపెనీ పాలసీని నమ్ముకోవద్దు. పాలసీని యాజమాన్యం ఒక మెయిల్‌తో మార్చేయగలదు. ఒప్పందంలోని క్లాజును మార్చాలంటే యూనియన్‌తో కూర్చోవాలి, ఉల్లంఘిస్తే వివాదం లేవనెత్తొచ్చు. క్లాజు ఇలా ఉండొచ్చు (అందులో లైంగిక ధోరణి అంటే ఎవరి మీద ఆకర్షణ కలుగుతుందన్నది, జెండర్ గుర్తింపు అంటే తాను ఆడో, మగో, మరొకటో అని ఆ మనిషి తనను తాను గుర్తించుకోవడం):

"లైంగిక ధోరణి, జెండర్ గుర్తింపు, జెండర్ వ్యక్తీకరణ, పుట్టుకతో వచ్చిన లైంగిక లక్షణాలు కారణంగా, అవి నిజంగా ఉన్నా, ఉన్నాయని ఎదుటివారు అనుకున్నా, అలాంటివారితో బంధుత్వమో స్నేహమో ఉన్నా, నియామకం, వేతనం, ఓవర్‌టైం, షిఫ్టు, బదిలీ, శిక్షణ, ప్రమోషన్, క్రమశిక్షణ చర్య, తొలగింపు విషయాల్లో వివక్ష చూపరాదు. ఈ కారణాలతో చేసే వేధింపు ఒక్కసారి జరిగినా ఈ ఒప్పందం ఉల్లంఘన అవుతుంది. ఒకరి లైంగికతను లేదా జెండర్ వివరాలను వారి అనుమతి లేకుండా బయటపెట్టడం, బయటపెడతానని బెదిరించడం వేధింపే."

బేరంలో యాజమాన్యం తరఫు లాయరు కత్తిరించాలని చూసేది "ఎదుటివారు అనుకున్నా" అన్న ముక్కనే. దాన్ని వదులుకోకండి. అది ఉంటే ఫిర్యాదు చేసినవాళ్లు తాము గే అవునో కాదో చెప్పాల్సిన పని లేదు. అలా అనుకుని వేధించారని చూపితే చాలు. అది లేకపోతే విచారణలో వచ్చే మొదటి ప్రశ్నే "ఇంతకీ నువ్వు అవునా, కాదా?" అవుతుంది. "జెండర్ వ్యక్తీకరణ" కూడా అంతే ముఖ్యం. జుట్టు పెంచుకున్న మగవాళ్లు, ప్యాంటు చొక్కా తప్ప వేసుకోని ఆడవాళ్లు దాని కిందికే వస్తారు, వాళ్ల లైంగికత ఏదైనా సరే.

పట్టు కోసం అంతర్జాతీయ ప్రమాణాలు చూపించవచ్చు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019 జూన్‌లో ఆమోదించి, 2021 జూన్ 25 నుంచి అమల్లోకి వచ్చిన 190వ కన్వెన్షన్ (దేశాలు ఆమోదించి కట్టుబడే అంతర్జాతీయ ఒప్పందం) పని ప్రపంచంలో హింస, వేధింపుల గురించి. ఒక్కసారి జరిగినా వేధింపే అన్న మాట అందులో ఉంది. పనిచేసే చోటుతో పాటు భోజన విరామం, మరుగుదొడ్లు, డ్యూటీ ప్రయాణం, యాజమాన్యం ఇచ్చిన వసతి, ఫోన్ మెసేజుల వంటి పని సంబంధిత సంభాషణలు కూడా దాని పరిధిలో ఉన్నాయి. అప్రెంటిస్‌లకు, ఉద్యోగం కోసం వచ్చినవాళ్లకు, తొలగించినవాళ్లకు కూడా అది వర్తిస్తుంది. వివక్ష మీద 1958లో వచ్చిన 111వ కన్వెన్షన్ జాబితాలో లైంగిక ధోరణి పేరు లేదు. కానీ యజమానుల, కార్మికుల సంఘాలను సంప్రదించి కొత్త కారణాలను చేర్చుకునే వీలు అదే కల్పించింది. మీ దేశం వీటిని ఆమోదించిందా, స్థానిక చట్టం ఏం చెబుతోంది అన్నది లేబర్ లాయరుతో ఒకసారి సరిచూసుకోండి. చట్టం బలహీనంగా ఉన్నచోట ఒప్పందం విలువ ఇంకా పెరుగుతుంది.

క్లాజుతో పాటు అడగాల్సినవి మరికొన్ని. సెలవు, బీమా, మరణానంతర సాయం నిబంధనల్లో "భార్య లేదా భర్త" ఉన్నచోట "భాగస్వామి" అని మార్పించాలి. ఇతర జంటలను అడగని రుజువు వీళ్లను అడగకూడదు. బీమా క్లెయిములు సూపర్‌వైజరు చేతి మీదుగా వెళ్లకుండా నేరుగా బీమా సంస్థకు వెళ్లాలి, ఎందుకంటే మందు పేరు ఒక్కటి చాలు సంగతి బయటపడటానికి. విదేశీ పోస్టింగులు ఉన్న పరిశ్రమల్లో కారణం చెప్పకుండా ఒక దేశాన్ని నిరాకరించే హక్కు కావాలి. స్వలింగ సంబంధాలను నేరంగా చూసే దేశాలు ఇప్పటికీ 60కి పైగా ఉన్నాయి. కారణం చెబితేనే మినహాయింపు అంటే మళ్లీ బయటపడమన్నట్టే.

భద్రతా కమిటీ ఉంటే దాన్ని మర్చిపోవద్దు. వేధింపును మానసిక ఆరోగ్యానికి హాని చేసే పని పరిస్థితిగా ఆ కమిటీ ఎజెండాలో పెట్టొచ్చు. ఎవరి పేరూ ఎత్తకుండా, "ఫలానా లాకర్ రూంలో, రాత్రి షిఫ్టులో" అని చెప్పి లైటింగ్, పర్యవేక్షణ, తలుపుల గడియలు బాగు చేయించుకోవచ్చు.

ఫిర్యాదు వచ్చినప్పుడు

మొదటి మాటలు యూనియన్ ఆఫీసులో, నలుగురూ వచ్చిపోయే చోట వద్దు. ఎక్కడ, ఎప్పుడు, ఫోన్‌లోనా ఎదురుగానా అన్నది వచ్చినవాళ్లనే ఎంచుకోనివ్వండి. ఏం జరిగింది, ఎప్పుడు, ఎక్కడ, ఎవరు చూశారు, ఇప్పటిదాకా ఎవరికి చెప్పారు, ఏం జరగాలని కోరుకుంటున్నారు: అడగాల్సినవి ఇవే. ఏ పేరుతో పిలవాలి, ఎవరి ముందు ఆ పేరు వాడొచ్చు, ఎవరి ముందు వాడకూడదు అని కూడా అడగండి. స్నేహితుల మధ్య ఒక పేరు, మస్టర్‌లో ఇంకో పేరు ఉన్న మనిషిని మంచి ఉద్దేశంతోనే తప్పుచోట కొత్త పేరుతో పిలిచి బయటపెట్టేసేవాళ్లుంటారు. ఆపరేషన్ అయిందా, పెళ్లయిందా, ఎప్పటినుంచి ఇలా అన్నవి మీకు అనవసరం.

రాతకోతల్లో కచ్చితత్వం కావాలి. "అసభ్యంగా మాట్లాడాడు" అని రాస్తే విచారణ అధికారి పక్కన పెట్టేస్తారు. అన్న మాటను అన్నట్టే, బూతైనా సరే, ఉన్నదున్నట్టుగా రాయాలి. తేదీ, టైం, చోటు, పక్కనున్నవాళ్లు, తర్వాత తనకేమైంది (నిద్ర పట్టలేదు, సెలవు పెట్టారు, డాక్టరుకు చూపించుకున్నారు) వరసగా ఉండాలి. ఈ డైరీ సొంత నోటుబుక్కులోనో సొంత ఫోన్‌లోనో రాసుకోమనండి, కంపెనీ కంప్యూటర్లో వద్దు. అలాగే కంపెనీ రహస్య పత్రాలను సొంత మెయిల్‌కు పంపుకోవద్దని గట్టిగా చెప్పండి. ఎన్నో మంచి కేసులు అక్కడే తలకిందులయ్యాయి, బాధితులకే చార్జిషీటు వచ్చింది. వాట్సాప్ స్క్రీన్‌షాట్‌లో పంపినవాళ్ల నంబరు, తేదీ, టైం కనపడాలి, ముందు వెనక మెసేజులు కూడా ఉండాలి. కోపంలో గ్రూపు నుంచి బయటికి రాకముందే చాట్ మొత్తాన్ని ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి. రహస్యంగా రికార్డు చేయడం కొన్నిచోట్ల నేరం, లాయరును అడక్కుండా చేయొద్దు.

ఫిర్యాదు దాఖలు చేసే ముందే పాత అప్రైజల్ కాగితాలు, హాజరు రికార్డు, ప్రశంసా పత్రాలు పోగు చేసి పెట్టుకోండి. ఫిర్యాదు వెళ్లిన రెండు వారాల్లో "పనితీరు బాగాలేదు" అన్న మెమో రావడం పాత ఆట. నిన్నటిదాకా మంచి రేటింగ్ ఉందని చూపగలిగితే ఆ మెమోనే కక్ష సాధింపుకు సాక్ష్యమవుతుంది.

ఫైలు మీద పేరుకు బదులు నంబరు వేయండి. ఆఫీస్ బేరర్ల వాట్సాప్ గ్రూపులో ఒక్క వివరం కూడా పెట్టొద్దు, రహస్యాలు ఎక్కువగా బయటికి పొక్కేది అక్కడి నుంచే. కేసు ఒక్కో మెట్టు ఎక్కుతున్నప్పుడల్లా ఎవరికి ఎంత చెప్పాలో ఆ వ్యక్తి దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. పూర్తి రహస్యం మాత్రం హామీ ఇవ్వకండి. విచారణ మొదలైతే ఆరోపణ ఎదుర్కొంటున్నవాళ్లకు ఫిర్యాదు కాపీ వెళ్తుంది, దాన్ని ఆపలేం. ఆ సంగతి ముందే చెప్పాలి. విని వెనక్కి తగ్గితే ఒత్తిడి చేయొద్దు. పేరు లేకుండా భద్రతా కమిటీ దారిలో ఎంతవరకు వెళ్లగలమో చూడండి.

ఇక గడువు. ఘటన జరిగిన ఇన్ని రోజుల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలని చాలా ఒప్పందాల్లో ఉంటుంది. "మేం మాట్లాడతాంలే, కాగితం ఎందుకు" అని హెచ్‌ఆర్ నవ్వుతూ టీ ఇస్తుంది, గడువు దాటిపోతుంది. ముందు కాగితం ఇచ్చి, రసీదు తీసుకుని, ఆ తర్వాత మాట్లాడుకోండి.

తాత్కాలిక చర్యగా యాజమాన్యం చేసే మొదటి ప్రతిపాదన బాధితులనే వేరే విభాగానికి పంపడం. తనంతట తాను కోరితే తప్ప ఒప్పుకోవద్దు, వద్దన్న సంగతి రాతలో పెట్టండి. బదిలీ చూసిన మిగతావాళ్లకు అందే సందేశం ఒకటే, నోరు విప్పితే సీటు పోతుంది. విచారణ ముగిసేదాకా ఆరోపణ ఎదుర్కొంటున్నవాళ్ల షిఫ్టు మార్చమనండి, జీతం తగ్గకుండా. రాజీ కుదర్చడం చిన్న మాటపట్టింపుల దగ్గర పనిచేస్తుంది. చెయ్యి వేసినచోట, బెదిరించినచోట, ఇంట్లో చెప్పేస్తానన్నచోట ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి "చేతులు కలపండి" అనడం రెండోసారి వేధించడమే.

వేధించినవాళ్లూ మన సభ్యులే అయితే

సగం యూనియన్లు తడబడేది ఇక్కడే. ఇద్దరూ చందా కడుతున్నారు, ఇద్దరికీ ప్రాతినిధ్యం కావాలి. దారి ఏమిటంటే ఇద్దరు వేర్వేరు ప్రతినిధులు, వేర్వేరు ఫైళ్లు, ఒకరి కాగితాలు మరొకరు చూడకపోవడం. ఆరోపణ ఎదుర్కొంటున్న సభ్యుడికి యూనియన్ ఇవ్వాల్సింది సక్రమమైన విచారణ: చార్జిషీటు కాపీ, జవాబుకు సమయం, సాక్షులను ప్రశ్నించే అవకాశం, తప్పుకు తగ్గ శిక్ష. అతను ఏ తప్పూ చేయలేదని వాదించి తీరాలన్న బాధ్యత యూనియన్‌కు లేదు. అతని ప్రతినిధి బాధితుల లైంగికత మీద ప్రశ్నలు వేయకూడదని ముందే రాసుకోండి.

శిక్షలో తూకం ఉండాలి. తెలియక వాడిన వెకిలి మాట మొదటిసారైతే క్షమాపణ, హెచ్చరిక, శిక్షణ సరిపోవచ్చు. చెప్పాక కూడా కావాలని ట్రాన్స్ మహిళను పాత పేరుతో పిలవడం, ఒంటి మీద చెయ్యి వేయడం, రహస్యం బయటపెట్టడం, బెదిరించడం ఆ కోవలోకి రావు. యాజమాన్యం ఒక్కోసారి యూనియన్‌లో చురుకైన సభ్యుడిని వదిలించుకోవడానికి ఇలాంటి కేసును వాడుకుంటుంది. అదే తప్పుకు సూపర్‌వైజరుకు ఏం శిక్ష పడిందో అడగడం అందుకే అవసరం. ఆరోపణ ఆఫీస్ బేరర్ మీదే వస్తే స్థానిక కార్యవర్గం ఆ ఫైలు ముట్టుకోకూడదు. ఫెడరేషన్ నుంచి బయటి మనిషిని రప్పించండి.

జెండర్ మార్పు చెప్పుకున్న కార్మికులకు

తేదీల వారీగా ఒక ప్రణాళిక రాయండి. ఎప్పుడు, ఎవరికి, ఏ మాటల్లో చెప్పాలన్నది ఆ వ్యక్తి నిర్ణయం. యూనియన్ చూసుకోవాల్సింది రికార్డులు. ఐడీ కార్డు మారుతుంది, మెయిల్ మారుతుంది, కానీ బయోమెట్రిక్ మెషీన్ తెర మీద రోజూ ఉదయం పాత పేరే పడుతుంది. షిఫ్టు చార్టు, లాకరు చీటీ, పేస్లిప్, ట్రైనింగ్ సర్టిఫికెట్లు, అత్యవసర సంప్రదింపుల జాబితా, టెలిఫోన్ డైరెక్టరీ అన్నీ ఒక కాగితం మీద రాసి ఒక్కోదానికి ఒక్కో తేదీ వేయించండి. ఒక జాగ్రత్త: బ్యాంకులో, పన్ను రికార్డుల్లో పేరు మారకముందే పేరోల్‌లో చట్టబద్ధమైన పేరు మార్చేస్తే జీతం వెనక్కి వెళ్లొచ్చు. కనపడే పేరు వెంటనే, పేరోల్ పేరు బ్యాంకుతో పాటే. పాత పేరు, కొత్త పేరు రెండూ కనపడే రికార్డు ఎవరెవరు తెరవగలరో ఆ జాబితా కూడా అడగండి.

మరుగుదొడ్ల గొడవ దాదాపు ప్రతిచోటా వస్తుంది. లోపల గడియ ఉన్న, ఎవరైనా వాడుకోగల ఒంటరి గది ఒకటి ఏర్పాటు చేస్తే చాలా గొడవలు చల్లారతాయి. దాన్ని అందరికీ తెరవండి. ట్రాన్స్ కార్మికులు అదొక్కటే వాడాలని అంటే అది వెలి. యూనిఫాం విషయంలో రెండు రకాల్లో ఏదైనా ఎవరైనా ఎంచుకోవచ్చని రాయించుకుంటే చాలు. డాక్టరు దగ్గరికి వెళ్లే సెలవు మిగతా అనారోగ్య సెలవుల్లాగే, రోగం పేరు అడక్కుండా ఇవ్వాలి.

"ఇది మన పనేనా?" అన్నప్పుడు

సర్వసభ్య సమావేశంలో ఈ ప్రశ్న తప్పదు. దీన్ని విడి తీర్మానంగా చేతులెత్తే ఓటుకు పెట్టొద్దు. ఎత్తినవాళ్లనూ ఎత్తనివాళ్లనూ పక్కవాళ్లు లెక్కపెడతారు. వేతనం, బోనస్, భద్రతతో కలిపి డిమాండ్ల పత్రంలో ఒక భాగంగా పెట్టి, మొత్తం పత్రాన్ని ఆమోదింపజేయండి. ప్రతిపాదించేది అందరూ నమ్మే సీనియర్ కార్మికులైతే మంచిది. ఎల్‌జీబీటీక్యూ సభ్యులను లేచి మాట్లాడమని అడగడం అన్యాయం.

మతం ప్రస్తావన వస్తే వాదనకు దిగకండి. ఎవరి నమ్మకం వాళ్లదే, ఈ క్లాజు అడ్డుకునేది డ్యూటీలో చేసే వేధింపును మాత్రమే. "కూలి డబ్బుల సంగతి చూడండి" అనేవాళ్లకు కూలి భాషలోనే చెప్పండి: లైంగికత పేరుతో ఒకరిని కారణం లేకుండా తీసేయగలిగిన యాజమాన్యం రేపు ఇంకో పేరుతో ఇంకొకరిని తీసేస్తుంది.

చరిత్ర కూడా చేతిలో ఉంది. 1973లో ఆస్ట్రేలియాలోని మాక్వారీ యూనివర్సిటీలో స్వలింగ సంపర్కుడన్న కారణంగా ఒక విద్యార్థిని హాస్టల్ కాలేజీ నుంచి పంపేస్తే, న్యూ సౌత్ వేల్స్ భవన నిర్మాణ కార్మికుల యూనియన్ అక్కడి పని ఆపేసింది. 1978లో కాలిఫోర్నియాలో గే, లెస్బియన్ ఉపాధ్యాయులను తొలగించడానికి వీలిచ్చే ప్రతిపాదన ప్రజల ఓటుకు వచ్చినప్పుడు ఉపాధ్యాయ సంఘాలు ఎదిరించాయి, అది ఓడిపోయింది. 1984-85 బ్రిటన్ బొగ్గుగని కార్మికుల సమ్మెలో లండన్‌లోని గే, లెస్బియన్ బృందాలు వేల్స్ గని పల్లెలకు విరాళాలు పోగుచేసి పంపాయి. 1985లో లండన్ ప్రైడ్ ఊరేగింపుకు (ఎల్‌జీబీటీక్యూ హక్కుల కోసం ఏటా జరిగే ప్రదర్శన) ముందు వరసలో నడిచింది ఆ గని కార్మికులే. అదే ఏడాది లేబర్ పార్టీ మహాసభలో గే, లెస్బియన్ హక్కుల తీర్మానం నెగ్గడానికి గని కార్మికుల యూనియన్ ఓట్లు తోడ్పడ్డాయి. సమ్మె నిధి ఎక్కడినుంచి వస్తుందో ముందే చెప్పలేం అన్నది గట్టి సభ్యులకు కూడా ఎక్కే మాట.

కేసు ముగిశాక

ఉత్తర్వు చేతికొచ్చాక ఫైలు మూసేయడం సాధారణంగా జరిగే తప్పు. ప్రతీకారం అప్పుడే మెల్లగా మొదలవుతుంది: ఓవర్‌టైం లిస్టులో పేరు రాదు, కష్టమైన మెషీన్ దగ్గరే వరసగా డ్యూటీ పడుతుంది, క్యాంటీన్‌లో పక్క కుర్చీలో ఎవరూ కూర్చోరు. మొదటి రెండింటినీ లెక్కలతో పట్టుకోవచ్చు. ఫిర్యాదుకు ముందు మూడు నెలల ఓవర్‌టైం గంటలు, డ్యూటీ చార్టు ఒకవైపు, తర్వాత మూడు నెలలవి మరోవైపు పెట్టి చూడండి. తేడా కనపడితే కొత్త ఫిర్యాదుకు అదే ఆధారం. సాక్ష్యం చెప్పినవాళ్లకు కూడా ఇదే లెక్క తీయండి, వాళ్లను అందరూ మర్చిపోతారు. ఒక నెలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు ప్రతినిధి ఫోన్ చేసి పలకరించాలి, ఆ తేదీలు ఫైలు అట్ట మీదే రాసి ఉండాలి. ఆరో నెల పలకరింపు అయ్యాక బీరువాకు తాళం వేసి, తాళంచెవి ఎవరి దగ్గరుందో రిజిస్టరులో రాయండి. కార్యవర్గం ఎన్నికల్లో మారితే ఆ ఫైళ్లు కొత్తవాళ్లకు ఎలా అప్పగించాలో, ఏవి ఎప్పుడు చింపేయాలో కూడా అక్కడే ఉండాలి.